కాయ లేచింది సరే, నీళ్లున్నాయా? బోరు పాయింటును రిగ్గు రాకముందే పరీక్షించుకునే పద్ధతి

మా మావయ్యకు చీపురుపల్లి దగ్గర రెండెకరాల మెట్ట ఉంది. మొక్కజొన్న వేస్తాడు. వాన మొహం చాటేస్తే కంకి గింజ పట్టకముందే ఎండిపోతుంది. మూడేళ్ల కిందట బోరు వేయిద్దామని పక్క ఊరి నుంచి నీటి పాయింటు చూపించే ఒక పెద్దాయనను పిలిపించాడు. ఆయన పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. ఈశాన్యం మూల గట్టు దగ్గరకు రాగానే కాయ నిలువుగా లేచి నిలబడింది. నేను కళ్లారా చూశాను. "ఒరే గుంటడా, ఇక్కడ నీల్లు నేకపోతే నన్నడుగు" అన్నాడు మావయ్య నాతో. 280 అడుగులు దించారు. తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు.

పాయింటు చూపించిన పెద్దాయన మోసగాడు కాడు. టీ తాగి, తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయే మనిషి, పైసా అడగడు. నన్ను పట్టుకున్న ప్రశ్న కూడా అదే. అబద్ధం చెప్పని మనిషి మాట కూడా తప్పు కావచ్చు కదా, మరి డబ్బు పోయక ముందే దాన్ని తేల్చుకోవడం ఎలా? రెండో బోరుకు ముందు మేము చేసిన పనులు, చేయకుండా వదిలేసి తర్వాత నాలుక కరుచుకున్న పనులు కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను. కొబ్బరికాయకు, వేప పంగల కొమ్మకు, మీటరు పట్టుకొచ్చే సర్వే వాళ్లకు, ఫోన్‌లో యాప్‌కు అందరికీ పరీక్ష ఒకటే. ఎవరికీ మినహాయింపు లేదు.

1. ముందు మీరే ఒక ఉంగరం తిప్పి చూడండి

ఒక ఉంగరాన్ని జానెడు దారానికి కట్టి, దారం కొసను రెండు వేళ్లతో పట్టుకోండి. మోచేయి బల్లకు ఆనకూడదు. ఉంగరం కింద కాగితం మీద ఒక గీత గీసి, దాని వెంట ఉంగరం ఊగుతున్నట్టు మనసులో అనుకోండి, చేయి మాత్రం కదపకండి. నిమిషంలో ఉంగరం ఊగడం మొదలవుతుంది. గీతను గుండ్రంగా మార్చి గీస్తే ఉంగరం కూడా గుండ్రంగా తిరుగుతుంది. మా ఇంట్లో పిల్లలు దీన్ని దెయ్యం అన్నారు.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1833లోనే దీని గుట్టు రాశాడు. పాదరసం మీద లోలకం ఊగుతోందని అందరూ అంటుంటే ఆయన కూడా పట్టుకుని చూశాడు, ఊగింది. తర్వాత కళ్లకు గంతలు కట్టుకుని పట్టుకున్నాడు. ఊపు ఆగిపోయింది. మనం ఎదురుచూసే కదలికను మన కండరాలే, మనకు తెలియకుండా చేసేస్తాయి. 1852లో విలియం కార్పెంటర్ దీనికి ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. ఆ మరుసటి ఏడాది మైకేల్ ఫారడే, ఆత్మలు కదుపుతాయని జనం నమ్మిన బల్లలను పరీక్షించి, బల్ల కన్నా ముందు చేతులే జరుగుతున్నాయని చూపించాడు. కరెంటు మోటారుకు పునాది వేసిన ఫారడే ఈయనే.

కొబ్బరికాయ సంగతి ఇంకా సులువు. చేతిలో పడుకున్న కాయ ఎప్పుడూ ఒక అంచు మీదే ఉంటుంది. వేళ్లు వెంట్రుకవాసి ఒంగితే చాలు, లేస్తుంది. కాబట్టి ఎవరైనా "నా కళ్లతో చూశాను, కాయ లేచింది" అంటే వాదించకండి. నిజంగానే లేచింది. కింద నీళ్లున్నాయా అన్నది వేరే ప్రశ్న.

2. మాటను కాగితం మీద పెట్టించండి

"నీళ్లు పడతాయి" అనే మాట ఎప్పటికీ తప్పు కాదు. ఎంత లోతులో, ఎన్ని నీళ్లు, ఎన్నాళ్లు అన్నది అందులో లేదు. పాయింటు చూపించిన వాళ్లను మర్యాదగా అడిగి ఇవి రాసుకోండి: గట్టు రాయి నుంచి ఎన్ని అడుగులు ఎటు, నీళ్లు మొదట తగిలే లోతు, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) ఎన్ని అడుగులు పట్టవచ్చు, ఎన్ని ఇంచుల నీళ్లు, ఏ లోతు దాటాక "ఇక్కడ లేదు" అని ఒప్పుకుంటారు. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. అది రాసుకోకపోవడం వల్లే మా మావయ్య 180 దగ్గర ఆగాల్సినవాడు "ఇంకో యాభై, ఇంకో యాభై" అంటూ 280 దాకా వెళ్లాడు. రిగ్గుకు అడుగుకింత అని లెక్క, కాయకు లెక్క లేదు.

ఇంచుల గురించి ఒక మాట. మన వైపు "ఇంచు నీళ్లు, రెండించుల నీళ్లు" అంటాం కానీ దేనితో కొలిచిన ఇంచులో అడగం. వీ ఆకారంలో లంబకోణం గండి ఉన్న పలక మీదుగా నీళ్లు పారిస్తే, గండిలో నీటి ఎత్తు ఒక అంగుళం ఉన్నప్పుడు గంటకు సుమారు 500 లీటర్లు వస్తాయి. రెండంగుళాలైతే వెయ్యి కాదు, సుమారు 2,900 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే నీళ్లు అయిదున్నర రెట్లు దాటిపోతాయి. "రెండించులు చెప్పాను, ఒకటిన్నర పడింది, దగ్గరగానే ఉంది కదా" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. నీళ్లలో అది సగం కూడా కాదు. కొందరు పైపు సైజును ఇంచులంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

3. ఎండిపోయిన బోర్లను కూడా లెక్కలోకి తీసుకోండి

"ఆయన పెట్టిన పది పాయింట్లలో ఏడు పడ్డాయి" అంటారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆయనను పిలవకుండా, కరెంటు స్తంభం దగ్గరుందనో, గట్టు పక్కన అడ్డం లేదనో వేసిన బోర్లు పదిలో ఎన్ని పడ్డాయి? అవీ ఏడే అయితే కొబ్బరికాయ చేసింది ఏమీ లేదు. ఆ రెండో సంఖ్య చేతిలో లేకుండా మొదటి సంఖ్యతో ఏమీ తేల్చలేం.

ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. పాయింటు పెట్టించి పడినవి, పెట్టించినా పడనివి, పెట్టించకుండా పడినవి, పెట్టించకుండా పడనివి. ఊళ్లో తిరిగి నింపండి. ఇక్కడ ఒక చిక్కుంది. పడిన బోరు పక్కన మోటారు షెడ్డు ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. పడనిది మట్టి కప్పేసి దున్నేస్తారు, ఏడాది తిరిగేసరికి ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోతారు. అందుకని "మీ బోరు ఎలా పడింది?" అని అడగకండి. "మీ భూమిలో ఇప్పటిదాకా మొత్తం ఎన్నిసార్లు రిగ్గు దిగింది?" అని అడగండి. నేను అలా అడిగేసరికి "ఒక్కటే బోరు, రెండించులు" అని చెప్పిన ఇంట్లో మూడు బయటపడ్డాయి.

నింపేటప్పుడే లోతు, వేసిన సంవత్సరం, చెరువుకు ఎంత దూరం, వేసవిలో ఆడుతుందా లేదా కూడా రాసుకోండి. ఇవి అయిదో మెట్టులో పనికొస్తాయి. మా పుస్తకంలో చెరువు కింది భూముల్లో ఎవరు పాయింటు పెట్టినా నీళ్లు పడ్డాయి. మిట్ట మీద ఎవరు పెట్టినా సగమే.

4. కళ్లకు తుండు కట్టి నడిపించండి

ఇది అసలు పరీక్ష. పైసా ఖర్చు లేదు, కానీ ఓపిక, మర్యాద రెండూ కావాలి. ముందుగా ఆయన ఒప్పుకోవాలి. నలుగురిని పోగేసి ఎగతాళి చేయడానికైతే మొదలుపెట్టకండి. నేల చదునుగా ఉండాలి, చుట్టుపక్కల నేలబావి గానీ గుంట గానీ ఉండకూడదు, చేయి పట్టుకుని నడిపించే మనిషి ఉండాలి.

మొదటి రోజు ఆయనను కళ్లు తెరిచే నడవనివ్వండి. కాయ లేచిన చోటల్లా గుర్తు పెట్టి, గట్టు రాళ్ల నుంచి టేపుతో కొలిచి రాసుకుని, గుర్తులు చెరిపేయండి. మర్నాడు కళ్లకు తుండు కట్టండి. ఇప్పుడు చేయి పట్టుకుని నడిపించేవాడికి నిన్నటి గుర్తులు తెలిసి ఉండకూడదు. ఎందుకంటే తెలిస్తే ఆ చోటు రాగానే అడుగు నెమ్మదిస్తుంది, పట్టు బిగుస్తుంది, చేతిలో చేయి ఉన్న మనిషికి అది చేరిపోతుంది. కావాలని చేసేది కాదు, షెవ్రెల్ ఉంగరం లాంటిదే. ఎటు నుంచి ఎటు నడవాలో చీటీలు వేసి తీయండి. మూడు నాలుగు సార్లు నడిపించి ప్రతిసారీ కొలిచి రాయండి.

లెక్క ముందే చేసుకోండి. రెండెకరాలంటే దాదాపు 8,100 చదరపు మీటర్లు. ఒక గుర్తు చుట్టూ పదడుగుల లోపల పడితే "అదే చోటు" అనుకుందాం. ఊరికే రాయి విసిరినా ఆ వలయంలో పడే అవకాశం వెయ్యికి నాలుగు పాళ్లు కూడా ఉండదు. అంటే కళ్లు కట్టిన మనిషి కాయ రెండుసార్లు పాత చోటే లేచిందంటే నేను నోరు వెళ్లబెడతాను. అప్పుడు కూడా అక్కడ నీళ్లున్నట్టు కాదు సుమా, ఆయనకు ఏదో తెలుస్తోంది అని మాత్రమే. అది కాలికింద నేల వాలు కూడా కావచ్చు.

మా పెద్దాయన సంతోషంగా ఒప్పుకున్నాడు. మొదటి రోజు మూడు చోట్ల లేచింది. రెండో రోజు తుండు కట్టాక నాలుగు చోట్ల లేచింది. వాటిలో పాత గుర్తుకు అతి దగ్గరగా ఉన్నది కూడా నలభై అడుగుల దూరం. పూడ్చేసిన ఎండు బోరు మీదుగా రెండుసార్లు నడిచాడు, ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. ఎండిందని తెలిసిన చోట కాయ పడుకోవడం సహజమే అనుకోవచ్చు, కానీ తను నడుస్తున్నది ఎక్కడో ఆయనకు తెలియదు, మూడేళ్ల కిందట అక్కడే లేచింది. తుండు విప్పాక కొలతలు చూపించాను. ఆయన కాసేపు చూసి, "కళ్లు కట్టేస్తే కాయకేటి తెలుస్తాది బావూ" అన్నాడు. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

"చేను చాలా పెద్దది, పరీక్ష సరిగ్గా లేదు" అంటే పైపు పరీక్ష పెట్టవచ్చు. మోటారు నుంచి రెండు పైపులు తీసి, ఒకదాన్ని మోకాలి లోతు పూడ్చి, రెండోదాన్ని దూరంగా పారేలా వదలండి. మోటారు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది కాబట్టి చప్పుడును బట్టి చెప్పడానికి వీలుండదు. నాణెం ఎగరేసి బొమ్మయితే పూడ్చిన పైపులోకి, బొరుసైతే రెండోదానిలోకి నీళ్లు మళ్లించండి. మళ్లించేవాడు గోడ చాటున ఉండాలి. మొదట తెలిసేలా ఒకసారి చూపించి, కాయ లేస్తోందా అని ఆయన్నే అడగండి. "ఇది నిలవ నీరు, ఇది ఇనప పైపు" లాంటి అభ్యంతరాలన్నీ అప్పుడే రావాలి, ఓడిపోయాక కాదు. తర్వాత 20 సార్లు చేయండి. గుడ్డిగా చెప్పినా సుమారు పది సరైనవే అవుతాయి. 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరైతే, అది అదృష్టం వల్ల జరిగే అవకాశం వందకు రెండే. ఎన్ని సరైతే గెలిచినట్టో కూడా ముందే ఒప్పుకోవాలి.

ఇలాంటిదే జర్మనీలోని కాసెల్‌లో 30 మంది నీటిజాడగాళ్లతో చేశారు. పూడ్చిన ప్లాస్టిక్ పైపు, వాల్వు, చీటీలు. ఏర్పాట్లన్నీ వాళ్లు చూసి సరేనన్నాకే మొదలుపెట్టారు. ఫలితం గుడ్డి ఊహతో సమానం. అంతకు ముందు 1987, 88ల్లో మ్యూనిక్ దగ్గర ఒక గిడ్డంగిలో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. సుమారు 500 మందిలో బాగా చేసిన 43 మందిని ఏరి 843 సార్లు పరీక్షించారు. చేసినవాళ్లు "కొద్దిమందికి నిజంగా శక్తి ఉంది" అన్నారు. తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలు తీసుకుని, ఒకసారి బాగా చెప్పినవాళ్లు రెండోసారి చెప్పలేకపోయారని చూపించాడు. 43 మంది నాణేలు ఎగరేస్తే ఎవరో ఒకరికి వరసగా బొమ్మలు పడతాయి. ఆ ఒక్కణ్ణి తర్వాత వెతికి పట్టుకుని గురువు అనడం తేలికే.

5. కాలికింద ఏముందో తెలుసుకోండి

భూమి లోపల జలధారలు నరాల్లా పారుతుంటాయని మన ఊహ. శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో చాలా చోట్ల కింద ఉన్నది ఖొండలైట్, చార్నోకైట్, గ్రానైట్ నైస్ లాంటి గట్టి రాళ్లు. ఖొండలైట్ పేరు మన ఏజెన్సీ కొండల్లో ఉండే కోందుల నుంచే వచ్చింది. ఈ రాళ్లకు సొంతంగా నీళ్లు పట్టుకునే గుణం లేదు. పైన కుళ్లిన పొర ఉంటుంది, దాని కింద పగుళ్లు ఉంటాయి. వాన నీరు ఆ పొరలో ఇంకి, పగుళ్లలోకి దిగుతుంది. బోరుకు నీళ్లు వచ్చేది ఆ పొర నుంచి, ఆ పగుళ్ల నుంచి. పగులు తగలకపోతే వెయ్యి అడుగులు దించినా పొడే వస్తుంది.

ఖొండలైట్‌తో ఇంకో తంటా. అది కుళ్లి తెల్లటి సుద్దగా మారుతుంది. సుద్ద నీళ్లను బాగా పీల్చుకుంటుంది, కానీ వదలదు. బోరులో తడి మట్టి కనిపిస్తుంది, మోటారు పెడితే పది నిమిషాల్లో గాలి తన్నుతుంది. సముద్రం పక్కన భోగాపురం, రణస్థలం వైపు ఇసుక నేలల్లో కథ వేరు. అక్కడ నీళ్లు పైనే దొరుకుతాయి, ప్రమాదం లోతుకు వెళ్లడంలోనే ఉంది. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు నలభై అడుగులు ఉంటుంది. పైన అడుగు తోడేస్తే కింద నలభై అడుగుల మేర ఉప్పు పైకి వస్తుంది.

పాతకాలపు గుర్తులన్నీ కొట్టిపారేయాలా? అక్కర్లేదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయం మొత్తం నీటి జాడల గురించే. నేరేడు, మేడి లాంటి చెట్లు, వాటి పక్క పుట్టలు, ఎన్ని పురుషుల (మనిషి ఎత్తును బట్టి కట్టిన కొలత) లోతులో నీళ్లు అని వరసగా చెబుతాడు. వాటిలో కొన్నిటికి అర్థం ఉంది. ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే చెట్టు వేరు ఎక్కడో తడిని అందుకునే ఉంటుంది. కొన్నిటికి అర్థం లేదు. ఏది ఏదో తేల్చేది మీ మూడో మెట్టు నోటుపుస్తకమే: నేరేడు పక్క బోర్లు ఎన్ని పడ్డాయి, నేరేడు లేని చోట ఎన్ని పడ్డాయి.

6. మీటరు సర్వే చేయించండి, కానీ మీటరుకు దండం పెట్టకండి

ఊళ్లో మీటరు అని పిలిచేది నిరోధకతను, అంటే నేల కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో కొలిచే పరికరం. ఒకే వరసలో నాలుగు ఇనప కమ్మీలు పాతుతారు. బయటి రెండిటి నుంచి భూమిలోకి కరెంటు పంపి, లోపలి రెండిటి మధ్య వోల్టేజి చూస్తారు. బయటి కమ్మీలను దూరం జరిపే కొద్దీ కరెంటు లోతుగా దిగుతుంది, కాబట్టి లోతు పొరల సంగతి తెలుస్తుంది. ఫ్రాన్సుకు చెందిన కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, కొత్తదేమీ కాదు.

మీటరుకు నీళ్లు కనిపించవు. దానికి కనిపించేది కరెంటుకు అడ్డు ఎంత అన్నదే. ఎండు గట్టిరాయి వేల ఓమ్-మీటర్లు చూపిస్తుంది. నీళ్లు నిండిన కుళ్లు రాయి పదుల నుంచి వంద, రెండు వందల దాకా. చిక్కు ఏమిటంటే సుద్ద ఇంకా తక్కువ చూపిస్తుంది, ఉప్పునీరు ఇంకా ఇంకా తక్కువ. "అంకె తక్కువ వచ్చింది, నీళ్లు బోలెడు" అనే సర్వేయరు సుద్ద మీద బోరు వేయించి వెళ్లిపోగలడు. మన ఖొండలైట్ నేలలో ఈ పొరపాటు జరగడానికి చాలా వీలుంది.

కాబట్టి సర్వే వచ్చిన రోజు పక్కన నిలబడి ఇవి చూడండి. బయటి రెండు కమ్మీల మధ్య దూరం చివరికి ఎంత దాకా వెళ్లింది? చూడగలిగే లోతు మోటుగా దానిలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. కమ్మీలు 60 మీటర్లు దాటి జరపకుండా "300 అడుగుల్లో జల ఉంది" అంటే అది మీటరు మాట కాదు, ఆయన మాట. కరెంటు తీగల కింద, ఇనప కంచె వెంబడి లైను వేస్తే అంకెలు పాడవుతాయి. సర్వే అయ్యాక అంకెల కాగితం, గ్రాఫు, ఏ పొర ఎంత మందమో చూపే పట్టిక అడిగి తీసుకోండి. "నీళ్లున్నాయి" అని నోటిమాట చెప్పి కాగితం ఇవ్వని వాళ్లు చేతిలో కొబ్బరికాయ లేదన్నమాటే గానీ చేసింది అదే పని. ఆఖరుగా, మీ ఊళ్లో ఇప్పటికే వేసిన ఒక బోరు పక్కన, దాని లోతు, ఫలితం చెప్పకుండా ఒక లైను వేయమనండి. పేరున్న సర్వేయరు దీనికి కోపం తెచ్చుకోడు, పైగా ఆ ప్రాంతపు రాయి ఎలా అంకెలు చూపిస్తుందో తనకూ తెలుస్తుంది.

7. పెట్టె మెరిస్తే, యాప్ మోగితే

భూమిలో కమ్మీ గుచ్చకుండా, చేతిలో యాంటెన్నా పట్టుకుని నడిస్తే వందల మీటర్ల దూరంలో నీళ్లు చూపించే పరికరాలు అమ్ముతుంటారు. తెర మీద రంగులు తిరుగుతాయి. ఏడీఈ 651 కథ గుర్తు పెట్టుకోండి. బాంబులు పట్టే యంత్రమని బ్రిటన్‌కు చెందిన జేమ్స్ మెక్‌కార్మిక్ దాన్ని ఇరాక్‌కు ఒక్కొక్కటి వేల డాలర్లకు అమ్మాడు. అది గోల్ఫ్ బంతులు వెతికే ఆటబొమ్మ లాంటి పిడి, దాని మీద తిరిగే కడ్డీ, అంతే. చెకింగ్ పోస్టుల్లో సైనికులు దాన్ని నమ్మి కార్లు వదిలేశారు. 2013లో అతనికి పదేళ్ల జైలు పడింది. కడ్డీ తిరగడానికి కారణం ఉంగరం తిరగడానికి కారణమే. నాలుగో మెట్టులోని పైపు పరీక్ష పది నిమిషాలు చేసి ఉంటే తేలిపోయేది.

ఫోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోన్‌లో దిక్సూచి కోసం అయస్కాంత సెన్సార్ ఉంటుంది. అది ఇనుమును పసిగడుతుంది. నూరడుగుల కింది నీళ్లను పసిగట్టే దారి దానికి లేదు.

నిజమైన కొత్త సంగతులు వేరే ఉన్నాయి, వాటి హద్దులతో సహా తెలుసుకోవాలి. 2002లో ఎగరేసిన గ్రేస్ ఉపగ్రహాలు రెండు, ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగాయి. కింద బరువు ఎక్కువున్న చోట ముందుది కాస్త ముందుకు లాగబడుతుంది, ఆ ఎడంలో తేడాను అవి వెంట్రుక మందం కన్నా సన్నగా కొలిచేవి. భూగర్భ జలం తరిగితే ఆ ప్రాంతం బరువు తరుగుతుంది. ఆ లెక్కతోనే 2009లో వచ్చిన ఒక పరిశోధన పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో ఆరేళ్లలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని చెప్పింది. 2018 నుంచి వాటి తర్వాతి జత పనిచేస్తోంది. అయితే వాటికి జిల్లాలు కలిసిపోయి కనిపిస్తాయి. "శాటిలైట్‌తో మీ చేలో పాయింటు పెడతాం" అని గ్రేస్ పేరు చెబితే నవ్వి పంపించేయండి. హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు హెలికాప్టర్ కింద పెద్ద తీగచుట్ట వేలాడదీసి భూమి లోపలి పొరలను గీసే పని చేస్తున్నారు. 2021లో రాజస్థాన్ లాంటి ఎండు ప్రాంతాల్లో పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. అది చేనుకు దగ్గరగా వచ్చే కొలత. కానీ అక్కడ కూడా కొలిచేది నిరోధకతనే, సుద్ద సమస్య అక్కడా ఉంటుంది.

ఇప్పుడు ఏఐ. పాత బోర్ల వివరాలు, వాలు, రాయి, వాన అన్నీ కలిపి నేర్పితే, ఎక్కడ నీళ్లు పడే అవకాశం ఎక్కువో మ్యాపు గీసే పద్ధతులు వచ్చాయి. మంచివే కావచ్చు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: నేర్చుకునేటప్పుడు చూడని బోర్ల మీద ఎన్ని సరిగ్గా చెప్పింది? చూసిన బోర్ల మీద 95 శాతం అన్నది కళ్లు తెరిచి నడిచిన కాయ. చూడనివంటే ఎంత దూరంలో ఉన్నవి? నేర్చుకున్న బోరుకు యాభై అడుగుల పక్కనున్న బోరును సరిగ్గా చెప్పడం, చేయి పట్టుకున్నవాడికి గుర్తులు తెలిసినట్టే. ఇంకో మండలం బోర్ల మీద అడగండి. నేర్పిన వివరాల్లో ఎండిన బోర్లున్నాయా లేక మోటారు షెడ్డున్నవేనా అనీ అడగండి.

8. రిగ్గు దిగే ముందు, దిగాక

వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) 2002 నుంచి ఉంది. బోరు వేయడానికి అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్ల లోపల సొంత బోరుకు ఆంక్షలున్నాయి. సచివాలయంలోనో తహసీల్దారు ఆఫీసులోనో అడిగి ముందే కానిచ్చేయండి.

రిగ్గు ఆడుతున్నంతసేపు ఒకరు పుస్తకంతో కూర్చోవాలి. ప్రతి పదడుగులకూ వచ్చిన పొడిని ఒక్కో పొట్లం కట్టి లోతు రాయండి: ఎర్రమట్టి, సుద్ద, గుల్లరాయి, గట్టిరాయి. తడి ఎక్కడ మొదలైంది, నీళ్లు ఎక్కడ పెరిగాయి రాయండి. ఇది సర్వే కాగితంతో పోల్చితే ఆ సర్వేయరును మళ్లీ పిలవాలో వద్దో తేలిపోతుంది. మీరు రెండో మెట్టులో రాసుకున్న ఆగాల్సిన లోతు వచ్చినప్పుడు అందరూ "ఇంకో యాభై" అంటారు. రిగ్గు డ్రైవరు అంటాడు, పొరుగు రైతు అంటాడు, మీ మనసు కూడా అంటుంది. పొడిలో ఏమైనా మారిందా చూడండి. మారకపోతే ఆపండి. అప్పటిదాకా పోసిన డబ్బు కింద నీళ్లు పుట్టించదు.

మా రెండో బోరుకు మావయ్య రిగ్గు ముందు కొబ్బరికాయ కొట్టాడు. నేను అడ్డు చెప్పలేదు. సర్వే వాళ్లు చెప్పిన మూడు పాయింట్లలో మొదటిదానిలో 140 అడుగుల దగ్గర ఒకటిన్నర ఇంచు పడింది. వాళ్లు చెప్పింది 120 నుంచి 150. బాగుంది. కానీ ఒక్క బోరును చూసి మీటరు గెలిచిందని నేను పుస్తకంలో రాసుకోలేదు, నాలుగు గళ్లలో ఒక గీత పెరిగింది అంతే. కింద పొలం వాళ్లు అదే సర్వేయరుతో వేయించినది సుద్దలో దిగింది, ఆ గీతా పడింది.

నీళ్లు పడ్డాక తాగడానికి వాడేటట్టయితే పరీక్షకు పంపండి. తాగునీటి ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు చూశాక మన జిల్లాల్లో నీళ్లంటే భయం ఉంది, ఆ భయాన్ని సొమ్ము చేసుకునే ఫిల్టర్ ప్రకటనలూ ఉన్నాయి. ఉద్దానంలో ఫలానాదే కారణమని ఖాయంగా చెప్పేవాళ్లను కూడా రెండో మెట్టులో లాగే కాగితం అడగండి.

9. ఎండిన బోరును వదిలేయకండి

బోరు పడనప్పుడు అందరూ ఉసూరుమని ఇళ్లకు పోతారు, నోరు తెరిచిన గొట్టం అక్కడే ఉంటుంది. కేసింగ్ లాగేసి తీసుకుపోయే రోజుల్లో ఇది మరీ ప్రమాదం. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు తెలియజేయాలి, పని జరిగే చోట కంచె, బోర్డు ఉండాలి, వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. పైన గోనెసంచి కుక్కి బండ పెట్టడం పూడ్చడం కాదు, వానకు సంచి కుళ్లి జారుతుంది. రిగ్గు లారీ ఇంకా చేలో ఉండగానే, కూలీలు వెళ్లకముందే ఆ పని చేయించండి. వీలైతే అక్కడే ఒక గట్టి రాయి పాతి, లోతు, తేదీ సున్నంతో రాయించండి. పాయింటు చూడటానికి వచ్చే తర్వాతి మనిషికి ఆ రాయి కనిపించకుండా ఒక గంపను బోర్లించండి. తుండు కట్టి నడిపించేటప్పుడు అది పనికొస్తుంది.